మసి కాలు మళ్ళీ మొలిచేదాకా

నేను పెంచుకునే న్యూట్ మసికి ఎడమ ముందుకాలు లేదని నేను చూసింది రాత్రి ట్యాంక్ లైట్ ఆపడానికి వెళ్ళినప్పుడు. ముందు అర్థం కాలేదు. కాలు ఒంటికి ఆనించి ముడుచుకుందేమో అనుకున్నాను, అలా పడుకోవడం దానికి అలవాటే. గాజుకి ముఖం ఆనించి చూస్తే మోచేతి కింద ఏమీ లేదు. తెల్లటి చిన్న మొన, దాని చుట్టూ గులాబీ రంగు మాంసం, అక్కడి నుంచి సన్నటి నూలుపోగులా ఏదో నీళ్ళలో కదులుతోంది. రక్తం పెద్దగా లేదు. అది మాత్రం రాయి మీద ఎప్పటిలాగే కూర్చుని ఉంది.

అంతకు రెండు గంటల ముందు వానపాము ముక్కలు వేశాను. మామూలుగా అయితే పట్టకారుతో ఒక్కోదానికి విడివిడిగా పెడతాను, ఆ రోజు ఫోన్ మాట్లాడుతూ ముక్కలన్నీ ఒకేచోట వేసి వచ్చేశాను. తిండి వాసన నీళ్ళలో పరుచుకుంటే న్యూట్‌లు ముందు ఏది కదిలితే దాన్ని కరిచేస్తాయి, కరిచాక వదలకుండా ఒంటిని మెలితిప్పి లాగుతాయి. నా రెండో న్యూట్ నిప్పు, వానపాము అనుకుని మసి కాలిని పట్టుకుంది. నేను కళ్ళతో చూడలేదు గానీ ఇంకో రకంగా జరిగే వీలు లేదు, ట్యాంకులో ఉన్నవి ఆ రెండే.

న్యూట్ అంటే తెలియని వాళ్ళ కోసం ఒక మాట. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ బల్లి జాతి కాదు, కప్పలాగా ఉభయచరం, సాలమాండర్ల కుటుంబంలోది. నా దగ్గరున్నవి చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్‌లు, శాస్త్రీయ నామం సైనాప్స్ ఓరియెంటాలిస్. తోకతో కలిపి 8 సెంటీమీటర్లు ఉంటాయి. వీపు నల్లగా, పొట్ట నారింజ ఎరుపులో, దాని మీద నల్ల మచ్చలు. నల్లదనం ఎక్కువున్నదానికి మసి అని, పొట్ట బాగా ఎర్రగా ఉన్నదానికి నిప్పు అని పేర్లు పెట్టుకున్నాను. ఆ ఎరుపు శత్రువులకు హెచ్చరిక, వీటి చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, పఫర్ చేపలో ఉండేదే. చేతికి గాయం ఉన్నప్పుడు ముట్టుకోకూడదు, ముట్టుకున్న చేత్తో కళ్ళు, నోరు తాకకూడదు, సబ్బుతో కడుక్కోవాలి. గాయపడ్డ జంతువుని రోజూ చేతిలోకి తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఆ రాత్రి నా చేతికి మొదట దొరికింది మనుషులకు వాడే యాంటీసెప్టిక్ క్రీమ్. మూత కూడా తీశాను. ఎందుకో ఒక్క నిమిషం ఆగి ట్యూబు మీద రాసింది చదివితే అందులో నొప్పి తెలియకుండా చేసే మందు కూడా కలిసి ఉంది. ఆ ఒక్క నిమిషం ఆగకపోతే మసి బతికేది కాదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఉభయచరాల చర్మం మన చర్మం లాంటిది కాదు. దాని గుండా అవి ఊపిరి పీలుస్తాయి, నీళ్ళు లోపలికి తీసుకుంటాయి, పైన ఏది రాస్తే అది నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. మనకు వేలి మీద రాసుకునే చుక్కంత క్రీమ్, నాలుగు గ్రాముల ప్రాణికి ఎంత డోసు అవుతుందో ఆలోచించండి. నొప్పి తగ్గించే ఆ రకం మందులు వాటికి ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో ఉన్న ఏ మందూ రాయకండి, డాక్టర్ చెప్పేదాకా.

చేయాల్సింది వేరే ఉంది: దాన్ని విడిగా పెట్టడం. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను, ఎప్పుడూ సబ్బు తగలనిది. మూతకి సన్న రంధ్రాలు పెట్టాను. మూత తప్పనిసరి, ఎందుకంటే న్యూట్‌లు తడి పొట్టని గాజుకి అంటించుకుని నిలువు గోడ ఎక్కేస్తాయి, కాలు తెగినదైనా సరే. అడుగున ఏ రంగూ వాసనా లేని తెల్ల పేపర్ టవల్ తడిపి పరిచాను, ఒక మూల మడతలు పెట్టి కాస్త ఎత్తు చేశాను, ఇంకో మూల దాక్కోవడానికి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క. నీళ్ళు దాని వీపు మునిగేంత, అంతే. ఒక కాలు లేనప్పుడు ఈదడానికి కష్టపడకుండా, తల పైకెత్తితే గాలి అందేలా. గులకరాళ్ళు వేయలేదు, గాయంలో ఇరుక్కుంటాయి, తిండితో పాటు మింగేస్తాయి కూడా. నీళ్ళకి ముందే డీక్లోరినేటర్ కలిపి పెట్టుకున్నాను. కుళాయి నీళ్ళలో ఉండే క్లోరిన్, క్లోరమైన్ మన ఆరోగ్యానికి వేసేవే గానీ, పచ్చి గాయం ఉన్న న్యూట్ చర్మాన్ని కాల్చేస్తాయి.

వలతో పట్టలేదు. వల దారాలు గాయానికి తగులుకుంటాయి. చేతులు కడిగి, పౌడర్ లేని గ్లౌజులు వేసుకుని, వాటిని అదే నీళ్ళతో తడిపి, అరచేతిని కింద నుంచి పెట్టి మసిని నీళ్ళతో సహా ఎత్తాను. అది చేతిలో ఒకసారి తిరిగి, ఉన్న మూడు కాళ్ళతో నిలబడటానికి చూసి, లేని కాలిని కూడా ముందుకి వేసింది. ఆ మొండి గాలిలో ఊగింది. అది చూసి నేను ఏడ్చాను.

డబ్బాకి ఫిల్టర్ లేదు కాబట్టి నీళ్ళు, పేపర్ రెండూ రోజూ పూర్తిగా మార్చాలి. రెండు డబ్బాలు పెట్టుకుంటే ఈ పని సులువు: ఒకదాంట్లో కొత్త నీళ్ళు అదే గదిలో ముందు రోజే పెట్టేసి, ఉష్ణోగ్రత సమానమయ్యాక మసిని అందులోకి మార్చి, పాత డబ్బా వేడి నీళ్ళతో కడిగి ఆరబెట్టడం. ఏడు వారాలు ఒక్క రోజు కూడా మానకుండా ఇదే చేశాను.

రెండో రోజు థర్మామీటర్ పెట్టి చూస్తే డబ్బాలో నీళ్ళు 26 డిగ్రీలు. ట్యాంకులో కూడా 26. నాకు అప్పటికి ఏడాదిన్నర అనుభవం ఉంది, చల్లటి రోజుల్లో కొన్న థర్మామీటర్‌ని ఎండలు ముదిరాక ఎన్నిసార్లు చూశానంటే జవాబు లేదు. వీటికి 16 నుంచి 20 డిగ్రీలు హాయిగా ఉంటుంది, 24 దాటితే కష్టం మొదలవుతుంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, న్యూట్ రోగ నిరోధక శక్తి పడిపోతుంది. గాయం ఉన్నదానికి మూడూ ఒకేసారి. ఐస్ ముక్కలు నేరుగా వేయకూడదు, ఒక్కసారిగా చల్లబడితే అదో దెబ్బ. నీళ్ళ మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టాను, అది ఒక్కటే రెండు డిగ్రీలు దించింది. డబ్బాని పెద్ద నీళ్ళ టబ్బులో పెట్టి, ఆ టబ్బులో గడ్డకట్టిన నీళ్ళ సీసా తేల్చాను, కరగ్గానే ఇంకోటి. మూడు రోజుల్లో మెల్లగా 19కి వచ్చింది. రాత్రి రెండింటికి లేచి సీసా మార్చేదాన్ని.

ఇక ట్యాంక్ నీళ్ళ సంగతి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా లీటరుకి 0.5 మిల్లీగ్రాములు, నైట్రైట్ కూడా కాస్త చూపించింది. రెండూ సున్నా ఉండాలి. కారణం నేనే. దానికి వారం ముందు ఫిల్టర్ స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండి కడిగాను. ఆ మురికిలోనే కదా ప్రాణం ఉండేది! న్యూట్ విసర్జించే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది, ఈ రెండూ స్పాంజిలో కాపురం ఉంటాయి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ వాటిని చంపేసింది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు నొక్కి వదిలేయాలి, తెల్లగా అవ్వక్కర్లేదు. అంటే కాలు తెగకముందు నుంచే మసి, నిప్పు రెండూ చెడ్డ నీళ్ళలో, వేడి నీళ్ళలో ఉన్నాయి. కాలు తెగింది కాబట్టి నేను చూశాను, లేకపోతే ఎప్పటికి చూసేదాన్నో.

నాలుగో రోజు పొద్దున మొండి మీద తెల్లటి కుచ్చు కనిపించింది. దూదిని నలిపి అంటించినట్టు, నీళ్ళు కదిలితే పోగులు పోగులుగా ఊగుతోంది. ముందు కుబుసం అనుకున్నాను, న్యూట్‌లు తరచూ చర్మం వదులుతాయి, వదిలిన దాన్ని తినేస్తాయి కూడా, అది మామూలే. కానీ కుబుసం పల్చటి పారదర్శకమైన తొడుగులా వస్తుంది, ఇది అలా లేదు. ఇది సాప్రొలెగ్నియా రకం నీటి బూజు. నీళ్ళు ఉన్న ప్రతిచోటా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని ఏమీ చేయదు, చచ్చిన కణజాలం దొరికితే దాని మీద మొలిచి పక్కనున్న బతికిన కండలోకి పాకుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆక్సలోటల్ అనే ఇంకో రకం సాలమాండర్‌ని పెంచే వాళ్ళు ఫంగస్‌కి ఉప్పునీటి స్నానం చేయిస్తారు, లీటరుకి రెండు మూడు టీస్పూన్ల అయోడిన్ లేని ఉప్పు, పది నిమిషాలు, రోజుకి రెండుసార్లకు మించకుండా. మసి చిన్నది కదా అని నేను లీటరుకి ఒక్క స్పూను వేశాను. మొదటిసారి ఆరు నిమిషాలకే అది గోడ మీదకు ఎగబాకడం మొదలుపెట్టింది, తీసేశాను. ఫంగస్ కొంచెం తగ్గినట్టు కనిపించేసరికి ఆశ పుట్టి, సాయంత్రం మళ్ళీ, మర్నాడు పొద్దున మళ్ళీ, సాయంత్రం ఇంకోసారి. రెండు రోజుల్లో నాలుగు స్నానాలు. రెండో రోజు రాత్రికి దాని వీపు నలుపు పోయి బూడిద రంగుకి తిరిగింది, ఒంటి మీద ఉండాల్సిన జిగురు పొర ముద్దలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది, ముట్టుకుంటే గరుకుగా ఉంది. ఏదో ఒకటి చేస్తూ ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యం కోసం దాని ఒంటిని పాడుచేశాను.

డాక్టర్ కోసం అప్పటికే ఫోన్లు చేస్తున్నాను. కుక్కలు, పిల్లులు చూసే వాళ్ళు చాలామంది ఉన్నారు, న్యూట్ అనగానే "మేము చూడం" అని పెట్టేశారు. ఒకచోట మాత్రం ఫోన్ ఎత్తినమ్మాయి "అంటే చేపా అండీ?" అని అడిగి, కాదంటే ఓపిగ్గా విని, తాబేళ్ళని, కప్పల్ని చూసే డాక్టర్ గారి గురించి చెప్పింది. మీ దగ్గర ఇలాంటి జంతువులు ఏవైనా ఉంటే దానికి ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్‌ని వెతికి పెట్టుకోండి. టెన్షన్‌లో ఉండి వెతకడం చాలా కష్టం.

తీసుకెళ్ళేటప్పుడు నీళ్ళు నింపలేదు, బండి కుదుపులకి నీళ్ళు ఇటూ అటూ కొట్టుకుని జంతువు అలసిపోతుంది. తడి పేపర్ టవల్ నలిపి మెత్తగా పరిచిన డబ్బాలో మసిని పెట్టి, దాన్ని ఒక థర్మోకోల్ పెట్టెలో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ పక్కన ఉంచాను, డబ్బాకి తగలకుండా. ట్యాంక్ నీళ్ళు ఒక సీసాలో, డబ్బా నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకెళ్ళాను. రోజూ తీసిన ఫొటోలు కూడా చూపించాను. డాక్టర్ గారు అన్నిటికన్నా ముందు అడిగింది ఆ నీళ్ళ గురించే.

మసిని బరువు తూస్తే 3.8 గ్రాములు. ఆవిడ దాన్ని పారదర్శకమైన డబ్బాలో ఎత్తి కింద నుంచి చూశారు, పొట్ట ఉబ్బిందా, తొడల కింద చర్మం ఎర్రగా కమిలిందా అని. కాళ్ళ కింద, పొట్ట మీద ఎరుపు పాకితే అది రక్తంలోకి చేరిన ఇన్‌ఫెక్షన్‌కి గుర్తు కావచ్చు, ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా వల్ల వస్తుంది, రెడ్ లెగ్ అంటారు, అది ముదిరితే జంతువు రోజుల్లో చచ్చిపోతుంది. ఫైర్ బెల్లీకి పొట్ట ఎలాగూ ఎరుపే కాబట్టి పోల్చడం కష్టం, నల్ల మచ్చల అంచులు, తోక మొదలు, వేళ్ళ మధ్య చూడాలి అని నాకు చూపించారు. అదృష్టం, అక్కడ ఏమీ లేదు. తెల్ల కుచ్చులోంచి ఒక పోగు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను చూడమన్నారు. గాజు గొట్టాల్లా కొమ్మలేసి అల్లుకుపోయిన పోగులు. నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఉప్పు మానేయమన్నారు. చర్మం మీది జిగురు దాని మొదటి రక్షణ, అది పోతే ఇన్‌ఫెక్షన్‌కి దారి మనమే తెరిచినట్టు అన్నారు, తిట్టినట్టు కాకుండా మెల్లగా. తడి కాటన్ బడ్‌తో ఆ కుచ్చుని తుడిచి తీసి, సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్ పల్చగా, సూది మొన మీద నిలిచేంత రాశారు. రోజుకి ఒకసారి రాసి, అరగంట పాటు నీళ్ళలో వేయకుండా తడి టవల్ మీద ఉంచమన్నారు, వీపు ఆరకుండా మధ్యమధ్యలో డ్రాపర్‌తో చుక్క నీళ్ళు. వీపు మీద వేసే యాంటీబయాటిక్ చుక్క కూడా ఇచ్చారు, చర్మం గుండానే లోపలికి వెళ్ళేది, మసి బరువుకి లెక్కగట్టి పలుచన చేసింది. ఆ మోతాదు ఇక్కడ రాయను, అది ఆ 3.8 గ్రాములకే.

కిట్రిడ్ ఫంగస్ పరీక్ష కోసం చర్మం మీద స్వాబ్ కూడా తీసుకున్నారు. ఇది నీటి బూజు కాదు, వేరే జబ్బు, ప్రపంచంలో చాలాచోట్ల కప్పల్ని తుడిచిపెట్టింది. సాలమాండర్లని, న్యూట్‌లని పట్టుకునే ఇంకో రకం ఉంది, పేరు బట్రాకోకిట్రియం సాలమాండ్రివోరాన్స్. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చాక 2013లో దాన్ని గుర్తించారు. ఆసియా న్యూట్‌లలో కొన్ని దాన్ని మోస్తూ కూడా పైకి బాగానే కనిపిస్తాయి, పెంపుడు జంతువుల వ్యాపారంతో అది ప్రయాణిస్తుంది, అందుకే 2016లో అమెరికా 201 రకాల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది, వాటిలో సైనాప్స్ జాతి కూడా ఉంది. అప్పటిదాకా నేను ట్యాంక్ నీళ్ళు మొక్కలకి పోసేదాన్ని. ఫలితం వచ్చేదాకా వాడిన నీళ్ళలో బ్లీచ్ కలిపి కాసేపు ఉంచి ఇంట్లో డ్రెయిన్‌లోనే పోయమన్నారు, చెరువుకో కాలువకో చేరే చోట పోయొద్దన్నారు. పట్టకారు, డ్రాపర్, టవల్ మసికి వేరు, నిప్పుకి వేరు. తొమ్మిది రోజులకు ఫలితం వచ్చింది, లేదని. నీళ్ళు బయట పోయడం మాత్రం నేను మళ్ళీ మొదలుపెట్టలేదు.

మందు రాసే అరగంట మా ఇద్దరికీ రోజంతటిలో పెద్ద పని. టవల్ మీద మసి అస్సలు కదలదు. గొంతు కింద చర్మం మాత్రం టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. నేను పక్కన కూర్చుని ఆ కొట్టుకోవడం లెక్కపెట్టేదాన్ని, వేగం తగ్గిందంటే శాంతించిందని గుర్తు. గది చీకటి చేస్తే త్వరగా తగ్గేది, అది కనిపెట్టాక మందు వేళకి కర్టెన్లు వేసేశాను.

తిండి ఇంకో బాధ. దెబ్బ తగిలిన దగ్గర నుంచి ఏమీ తినలేదు. ఒంట్లో బాగున్న పెద్ద న్యూట్ రెండు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది, బలవంతంగా నోరు తెరిచి పెడితే దవడ విరుగుతుంది, వద్దు అన్నారు డాక్టర్ గారు. రోజు విడిచి రోజు బ్లడ్ వార్మ్ అనే సన్నటి ఎర్ర పురుగుని ఒకదాన్ని పట్టకారుతో ముక్కు ముందు మెల్లగా ఆడించి, రెండు నిమిషాల్లో పట్టుకోకపోతే తీసేసేదాన్ని, నీళ్ళలో వదిలేస్తే కుళ్ళిపోతుంది కదా. తల పక్కకి తిప్పుకునేది. తొడల దగ్గర, తోక మొదట్లో ఎముక తేలింది. వంటింటి త్రాసు గ్రాము కన్నా తక్కువ చూపించదు, నగలు తూచే చిన్న త్రాసు తెచ్చుకున్నాను. 3.8 నుంచి 3.5, 3.4.

పదకొండో రోజు బతికున్న వానపాముని చిన్న ముక్క చేసి పెట్టాను. అది మెలికలు తిరుగుతోంది. మసి తల కొంచెం వంచి, ఎంతసేపు చూసిందో, నా చెయ్యి నొప్పి పుట్టింది కానీ కదపలేదు. ఒక్క అడుగు ముందుకి, కుడి ముందుకాలు వేసి, మొండిని కూడా నేలకి ఆనించి, ఆగి, మళ్ళీ చూసి, ఠక్కున పట్టుకుంది. సగం నోట్లో, సగం బయట. మింగడానికి తల ఎత్తి రెండుసార్లు గుటకలు వేసింది. నేను అరవకుండా నోరు చేత్తో మూసుకున్నాను.

ఫంగస్, మందు మొదలుపెట్టిన మూడో రోజుకే తగ్గుముఖం పట్టింది, వారానికి పూర్తిగా పోయింది. చర్మం మళ్ళీ నల్లగా, నున్నగా అయ్యింది. మొండి చివర బయటికి కనిపించిన ఎముక ఎప్పుడు మూసుకుందో నేను సరిగ్గా చెప్పలేను, ఫొటోలు వరసగా పెట్టి చూస్తే రెండో వారం మధ్యలో అక్కడ నున్నటి పల్చటి చర్మం ఉంది.

ఆ తర్వాత జరిగిందాని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను. న్యూట్‌కి కాలు మళ్ళీ మొలుస్తుందని నాకు తెలుసు, అందరికీ తెలుసు, 1768లోనే ఇటలీకి చెందిన స్పలాంజానీ సాలమాండర్ల కాళ్ళు, తోకలు మళ్ళీ పెరుగుతాయని రాశాడు. తెలియడం వేరు, మన కళ్ళ ముందు జరగడం వేరు. మూడో వారం చివర్లో మొండి మొన గుండ్రంగా ఉబ్బింది, లేత బూడిద రంగు మొగ్గలా, దాదాపు పారదర్శకంగా. నేను వాపు అని భయపడి ఫొటో పంపితే డాక్టర్ గారు నవ్వి, అది బ్లాస్టీమా అన్నారు. గాయం దగ్గరి కణాలు తమ పాత పని మానేసి మళ్ళీ లేత కణాల్లా మారి గుంపుగా చేరతాయి, ఆ గుంపులోంచి ఎముక, కండరం లాంటివి కొత్తగా ఏర్పడతాయి. మన గాయం మీద మచ్చ పడుతుంది, అక్కడితో కథ అయిపోతుంది. న్యూట్ గాయం మీద మచ్చ పడదు, అందుకే దానికి మొలకెత్తే వీలుంటుంది. కంట్లో లెన్స్ తీసేసినా మళ్ళీ తెచ్చుకుంటుంది. జపాన్ న్యూట్‌లలో 16 ఏళ్ళ కాలంలో 18 సార్లు లెన్స్ తీసి చూశారు, ప్రతిసారీ కొత్తగా వచ్చింది, చివరిది కూడా మామూలు లెన్స్‌లాగే ఉందని 2011లో ప్రచురించారు. ఆ న్యూట్‌ల గురించి చదివినప్పుడు ఆశ్చర్యం కన్నా జాలే ఎక్కువ కలిగింది.

ఆరో వారానికి మొగ్గ సాగి చిన్న తెడ్డులా చదునైంది. ఎనిమిదో వారంలో తెడ్డు అంచున రెండు గాట్లు. భూతద్దం పెట్టుకుని చూస్తే గాట్ల మధ్య లేత వేళ్ళు, వాటిలో రక్తం పారడం సన్నటి ఎర్ర గీతల్లా కనిపించేది. చల్లటి నీళ్ళలో ఇదంతా నిదానంగా జరుగుతుంది, నీళ్ళు వేడి చేస్తే త్వరగా మొలుస్తుందేమో అని నాకూ అనిపించింది, డాక్టర్‌ని అడిగాను కూడా. త్వరగా మొలవడం కోసం దాన్ని మళ్ళీ జబ్బు అంచుకి తీసుకెళ్తావా అన్నారు. మళ్ళీ అడగలేదు.

మధ్యలో ఒక భయం. ఏడో వారంలో కుబుసం వదిలినప్పుడు మిగతా ఒళ్ళంతా శుభ్రంగా వచ్చేసింది గానీ, కొత్త మొగ్గ మొదట్లో పాత చర్మం ఉంగరంలా చుట్టుకుని ఉండిపోయింది. అది బిగుసుకుంటే రక్తం ఆగి ముందున్నది చచ్చిపోతుంది. లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, ఒక్క రోజు చూడు, మసి ఉన్న నీళ్ళలో మెత్తటి నాచు గుప్పెడు వెయ్యి, ఒళ్ళు రుద్దుకోవడానికి దానికి ఏదీ లేదు కదా అన్నారు. ఖాళీ డబ్బా శుభ్రంగా ఉండాలని నేను అన్నీ తీసేశాను, అది ఒళ్ళు రుద్దుకునే చోటు కూడా వాటితోనే పోయింది. నాచు వేసిన రాత్రి అందులో దూరింది, పొద్దునకి ఉంగరం లేదు. తినేసి ఉంటుంది.

ఈలోపు ట్యాంక్ పని. నిప్పు అందులోనే ఉంది కాబట్టి రోజూ పావు వంతు నీళ్ళు మారుస్తూ, తిండి తగ్గించి, ఫిల్టర్‌ని ముట్టుకోకుండా వదిలేశాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి అయిదు వారాలు పట్టింది. సున్నా వచ్చాక కూడా ఇంకో రెండు వారాలు ఆగాను. తర్వాత ట్యాంక్ మధ్యలో రంధ్రాలున్న అడ్డు పెట్టి మసిని ఒకవైపు వదిలాను. వీటికి తోడు లేకపోతే దిగులు పడవు, తోడు మన ముచ్చటే, కాబట్టి ఆ అడ్డు అలాగే ఉంచేశాను. తిండి ఒక్కో ముక్క పట్టకారుతోనే, ఫోన్ పక్క గదిలో పెట్టి. ఎండల కాలానికి ఫ్యాన్ ఇప్పుడు ట్యాంక్ అంచుకే బిగించి ఉంది, థర్మామీటర్ నా కళ్ళ ఎత్తున. నిప్పు మీద కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అది ఆకలేసి తిండి అనుకుంది, అంతే.

ఇప్పటికి అయిదు నెలలు. మసి బరువు 4.3. కొత్త కాలు పాతదాని కన్నా కొంచెం సన్నం, రంగు ఇంకా లేత బూడిదే, మెల్లగా నల్లబడుతోంది. ముందుకాలికి నాలుగు వేళ్ళు ఉండాలి, నాలుగూ వచ్చాయి. మూడోది కాస్త పొట్టి, నాలుగోదానితో మొదట్లో అతుక్కుని ఉంది, అది అలాగే ఉండిపోవచ్చన్నారు డాక్టర్ గారు, నడకకి అడ్డం కాదట. నిన్న రాత్రి లైట్ ఆపడానికి వెళ్తే గాజు గోడ ఎక్కుతూ కనిపించింది. ఎర్ర పొట్ట గాజుకి అంటుకుని, ఎడమ చెయ్యి బాగా పైకి చాపి, ఆ నాలుగు వేళ్ళూ విడదీసి గాజుకి ఆనించి ఉంది. ఒంటి బరువంతా ఆ చేతి మీదే వేసి, ఒక్క అడుగు పైకి లాక్కుంది.